ఉదయగిరి మనిషి ఆత్మకూరులో తెల్లవార్చిన సంగతి

ఆత్మకూరులో ఒకప్పుడు సూర్యుణ్ణి ఉదయింపజేసింది నేనే. నెల్లూరు నుంచి వచ్చే ఒక డాక్టరమ్మ మతి తప్పిన ముసలివాళ్ళకు వెలుతురుతో వైద్యం చేయాలనుకుంది. ఎట్లా చేయాలో తెలియక నన్ను అడిగింది. నేను రాత్రీ పగలూ ఆలోచించి ఒక లైటు తయారుచేశాను. ఏడాదిగా రాత్రిళ్ళు కన్ను మూయని ఒక గొర్రెల కాపరిని ఆ లైటుతో మూడు వారాల్లో నిద్రపుచ్చాను. అందుకు అక్కడి వృద్ధాశ్రమం వాకిట్లో నాకు పూలదండ వేశారు. డప్పు కూడా మోగింది. నమ్మకపోతే ఆ వీధిలో ఎవరినైనా అడగండి, దండ నిజం, డప్పు నిజం అంటారు.

మిగతాది కొంచెం సాగదీశాను. ఎక్కడెక్కడ సాగదీశానో దారిలో చెప్పుకుంటూ వస్తాను. ఐ.టి.ఐ. చదివి ఇప్పుడిప్పుడే టెస్టరు జేబులో పెట్టుకుంటున్న పిల్లలు దీన్ని చదివితే చాలు. పెద్దవాళ్ళకు నా సంగతి ముందే తెలుసు.

నా ఉద్యోగమంతా కరెంటు ఆఫీసులోనే గడిచింది. హెల్పరుగా చేరి, లైన్ ఇన్‌స్పెక్టరుగా దిగిపోయాను. ఎక్కువ కాలం ఉదయగిరిలో చేశాను. కొండ మీద ఎండ పడకముందే స్తంభం ఎక్కిన రోజులు చాలా ఉన్నాయి. ఆ ఉద్యోగం నాకు నేర్పిన నియమం ఒక్కటే, పగలు వెలిగే బల్బు తప్పు. తెల్లారాక వీధిలో ఎక్కడైనా లైటు వెలుగుతూ కనిపిస్తే నాకు ఒళ్ళు మండేది. సైకిలు దిగి, ఆ వీధి పెద్దమనిషిని నిద్రలేపి, నాలుగు మాటలు అనేసి గానీ పోయేవాణ్ణి కాదు. ఈ నియమం గుర్తుపెట్టుకోండి. నా పరువు తీసింది ఇదే.

రిటైరయ్యాక ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాను. ఇంట్లో ఉన్న ప్రతి స్విచ్చునూ రెండుసార్లు విప్పి బిగించాను. ఫ్యాను విప్పాను, మిక్సీ విప్పాను, బాగా పనిచేస్తున్న గడియారాన్ని కూడా ఎందుకు పనిచేస్తుందో చూద్దామని విప్పాను. ఒకరోజు మా ఇంటావిడ గరిటె పట్టుకుని వచ్చి, "ఇంక విప్పేదానికి నా కుక్కరొక్కటే మిగిలుండాది. యాడన్నా పనిలో చేరు, నీకు పుణ్యముంటాది" అంది.

అట్లా ఆత్మకూరు చివర ఉన్న ఒక వృద్ధాశ్రమంలో ఎలక్ట్రికల్ ఇన్‌చార్జిగా చేరాను. ఇన్‌చార్జి అనే మాట నేను పెట్టుకున్నది. వాళ్ళు నన్ను పెట్టుకున్నది పొద్దున మోటారు వేయడానికి, ఇన్వర్టరులో నీళ్ళు పోయడానికి, వంటింట్లో గ్రైండరు ఆగిపోతే దాన్ని తట్టడానికి. అక్కడ అందరూ నన్ను కరెంటాయనా అని పిలిచేవాళ్ళు.

ఆశ్రమాన్ని నడిపేది ఒక రిటైరైన హెడ్మాస్టరు. ఆయన్ని మేనేజరు సారు అనేవాళ్ళం. ఇరవైమంది దాకా ముసలివాళ్ళు ఉండేవారు. అందరినీ చూసుకోవడానికి ఒక ఆయా, అక్కడే ఉండేది. పొట్టి మనిషి. నడిస్తే చెప్పుల చప్పుడు ముందు వచ్చి, ఆమె తర్వాత వచ్చేది.

ఇక మన గొర్రెల పెద్దాయన. మర్రిపాడు వైపు పల్లె. ఒక వయసు దాకా మందతో కొండలన్నీ తిరిగిన మనిషి. మతి జారడం మొదలై మూడేళ్ళయింది. పగలంతా హాల్లో ఒక మూల కుర్చీలో కూర్చుని కునుకుతూ ఉండేవాడు. పొద్దుగూకేసరికి కళ్ళు తెరిచేవాడు. రాత్రయితే ఆయనకు మంద గుర్తొచ్చేది. లేచి ఒక్కొక్క గది గడియ తీసి, లోపల పడుకున్నవాళ్ళను "లెయ్యండి, లెయ్యండి, పొద్దెక్కింది" అని అదిలించి బయటికి తోలేవాడు. విచిత్రం ఏమిటంటే వాళ్ళు కూడా లేచి నడిచేవాళ్ళు. ఆ మందలో తహశీల్దారుగా చేసి దిగిన ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆయన అందరికంటే ముందు నడిచేవాడు.

ఒక రాత్రి పెద్దాయన గేటు కూడా తీశాడు. తెల్లవారుజామున పాల వ్యాను డ్రైవరు రోడ్డు మీద తొమ్మిదిమందిని చూసి, వ్యానులో ఎక్కించుకుని తెచ్చి దింపాడు. దింపుతూ, "ఒకరు తగ్గితే నాకు తెలీదు సార్, లెక్క మీరే చూసుకోండి" అన్నాడట. అందరూ ఉన్నారు. కానీ మేనేజరు సారుకి చెమటలు పట్టాయి.

ఆయన పెద్దాయన కోడల్ని పిలిపించాడు. ఆమె మొగుడు లారీ మీద పోతే ఇరవై రోజులకు గానీ ఇంటికి రాడు. మందను మేపేది ఆమే. మధ్యాహ్నం బస్సుకు వచ్చి, చేతిలో కర్ర కూడా వదలకుండా ఆఫీసు గదిలో నిలబడింది. నేను అదే గదిలో ట్యూబులైటు మారుస్తున్నట్టు స్టూలు మీద ఉన్నాను.

"అమ్మా, నెలాఖరు దాకా చూస్తాం. మళ్ళీ గేటు తీస్తే మాత్రం మా వల్ల కాదు. మిగతావాళ్ళ ప్రాణాలు కూడా చూడాలి కదా" అన్నాడు మేనేజరు.

"తీసకపోతా సార్" అంది ఆమె. "తీసకపోయి మంచానికి కట్టేసి గొర్రెల్ని తోలకపోవాల. వేరే దారి లేదు. మా ఇంటి ముందరే లారీల రోడ్డు. ఒకసారి ఈయన ఆ రోడ్డు నడిమధ్యన నిలబడి లారీని గొర్రెనుకొని అదిలించినాడు. ఆ లారీవోడు మంచోడు గాబట్టి ఆగినాడు. కట్టేదీ నేనే, మాపటేళ ఇప్పేదీ నేనే. మిమ్మల్ని ఎవురూ ఏమనుకోరులే."

ఆమె గొంతు మారలేదు. చెప్పేసి హాల్లోకి పోయి మామ ముందు కూర్చుంది. ఆయన ఆమెను ఎగాదిగా చూసి, "మళ్ళా వచ్చినావా బేరానికి? చెప్పినా గదా, పొట్టేలు ఇయ్యను. పో" అన్నాడు. ఏడాదిగా ఆయనకు ఆమె కోడలు కాదు, గొర్రెలు బేరమాడడానికి వచ్చే ఎవరో ఆడమనిషి. ఆమె కూడా ప్రతిసారీ బేరం ఆడేది. "సరే, పొట్టేలొద్దు, ఆ మరక ఇస్తావా?" అని ఆ రోజు కూడా అడిగింది. మరక అంటే మేకపిల్ల. ఆయన ఆలోచించి అది కూడా ఇవ్వనన్నాడు.

ఆ వారమే డాక్టరమ్మ వచ్చింది. వారానికోసారి వచ్చి అందరినీ చూసి పోయేది. సంగతంతా విని, పెద్దాయన కళ్ళు పరీక్షించి, నిద్రమాత్రలు పెంచడం తనకు ఇష్టం లేదంది. పడితే తుంటి ఎముక విరుగుతుందంది. "వెలుతురు ప్రయత్నిద్దాం. పొద్దున్నే ఎండ తగిలినట్టు గట్టి వెలుతురు మొహం మీద పడితే, ఒంట్లో ఉండే గడియారం ఇది పగలు అని సరిచేసుకుంటుంది. వీళ్ళు రోజంతా మసక గదుల్లో ఉంటారు. వీళ్ళ ఒంటికి పగలేదో రాత్రేదో తెలియడం లేదు" అంది.

"మతి తిరిగొస్తాదా అమ్మా?" అని, డాక్టరమ్మ కోసమే ఆ రోజు మళ్ళీ వచ్చిన కోడలు అడిగింది.

"ఆ మాట నేను చెప్పలేనమ్మా. ఇది మతిమరుపుకి మందు కాదు. నిద్ర కుదిరితే కొందరు కొంచెం తేటగా ఉంటారు. కొందరికి ఏ తేడా ఉండదు. చూద్దాం."

నన్ను డాక్టరమ్మ సలహా అడిగిందని మొదట్లో రాశాను. ఆమె నన్ను అడిగింది ఒక్కటే, "ఇక్కడ ప్లగ్గు పాయింటు ఉందా?" అని. లైటు నేను తయారుచేశానని కూడా రాశాను. అది అట్టపెట్టెలో వచ్చింది. చిన్న టీవీ అంత తెల్లటి పలక, దానికో టైమరు. నేను చేసింది దాని వెనక ఉన్న కాగితం పీకడం, నాలుగు స్క్రూలు బిగించడం.

ఆ స్క్రూలు ఎక్కడ బిగించాలనే దగ్గర కూడా మాటలు పడ్డాను. పెద్దాయన మంచం తల వైపు గోడకు పెడదామని నేను డ్రిల్లింగు మిషను తీశాను. కోడలు చూసింది.

"యాడ పెడతావు దాన్ని?"

"ఇక్కడేనమ్మా, తల దగ్గర."

"బతికుండే మనిషికి తల కాడ దీపం పెడతావా? నీ తల కాడ పెట్టుకో."

మా వైపు పోయినవాళ్ళ తల దగ్గరే దీపం పెడతారు. ముప్పై ఏళ్ళు ఊరూరా దీపాలు పెట్టిన నాకు ఆ ముక్క తట్టలేదు. డాక్టరమ్మ కూడా ఎదురుగా ఉండాలంది. సరేనని హాల్లో, ఆయన కూర్చుని తినే చోటికి ఎదురుగా బిగించాను.

డాక్టరమ్మ పోతూ పోతూ, "ఆరింటికి వేసి ఎనిమిదింటికి ఆపేయండి" అంది. నేను తల ఊపాను.

ఇప్పుడు నా నియమం గుర్తుచేసుకోండి. ఆ టైమరు మీద ఒక పక్క సూర్యుడి బొమ్మ, ఇంకో పక్క చంద్రుడి బొమ్మ ఉన్నాయి. ఆరింటికి లైటు వేయమంటే, ఉద్యోగం సరిగ్గా చేసిన లైన్ ఇన్‌స్పెక్టరు ఎవడైనా చంద్రుడి పక్క పెడతాడా, సూర్యుడి పక్క పెడతాడా? నేను చంద్రుడి పక్క పెట్టాను. పొద్దున్నే గట్టి వెలుతురు అని ఆమె చెప్పిన మాట నా చెవిలో పడింది. కానీ చేతికి వేరే అలవాటు ఉంది.

సాయంత్రం ఆరింటికి లైటు భళ్ళున వెలిగింది. ముసలివాళ్ళంతా పెళ్ళివారిలా దాని చుట్టూ చేరారు. తహశీల్దారు గారు చొక్కా మార్చుకుని వచ్చాడు. మా పెద్దాయన మొహం కడిగినట్టు తేటగా అయింది. నేను చేతులు కట్టుకుని నిలబడి, ఇదంతా నా వల్లే అన్నట్టు చూశాను. ఆ తర్వాత జరిగింది కూడా నా వల్లే.

పొద్దున నేను వచ్చేసరికి ఆయా గడప మీద తల పట్టుకుని కూర్చుని ఉంది. రాత్రంతా ఒక్కరూ పడుకోలేదట. పెద్దాయన మందను నాలుగుసార్లు మేతకు తోలాడట.

"మొదట్లో అట్లాగే ఉంటుంది. మందు ఎక్కే ముందు అట్లా తిప్పుతుంది" అన్నాను.

రెండో రోజు పొద్దున కూడా అదే. వోల్టేజీ చాలడం లేదన్నాను. చాలకపోతే ఏం చేయాలి? ఎనిమిదింటికి ఆగవలసిన లైటును పదింటి దాకా పొడిగించాను. మూడో రోజు పొద్దున ఆయా గేటుకు అడ్డంగా చాప వేసుకుని, దాని మీదే కూర్చుని ఉంది. మంద గేటు దాకా వచ్చి, ఆమెను దాటలేక ఆగిపోయిందట. కాపరి ఆమెను చూసి, "ఏ గొర్రెరా ఇది, అడ్డం పడుకోనుండాది" అన్నాడట.

గేటు తెరుచుకుని ఉంటే ఆ రోజే ఆయన్ని మంచానికి కట్టడానికి తీసుకుపోయి ఉండేవాళ్ళు. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు. రాస్తుంటే ఇప్పుడు తట్టింది.

లోపాన్ని నేనే లోతుగా పరిశీలించి కనిపెట్టానని చాలామందికి చెప్పాను. డాక్టరమ్మకైతే, "మొదటి మూడు రోజులు ట్రయల్ చూశానండీ" అన్నాను. జరిగింది ఇది. ఆయా ఆ చాప మీద నుంచే నన్ను పిలిచింది.

"కరెంటాయనా, ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోబాక. డాక్టరమ్మ పొద్దున్నే ఎండ తగిలినట్టు అనింది గదా?"

"అవును."

"మరి నీ ఎండేంది, దీపాలు పెట్టే యాళకు కాస్తా ఉండాది?"

నేను లోపలికి పోయి టైమరును చంద్రుడి పక్క నుంచి సూర్యుడి పక్కకు తిప్పాను. పిల్లలూ, మీకు ఇంతకంటే చెప్పవలసిన సాంకేతిక విషయం నా దగ్గర లేదు. పని మొదలుపెట్టే ముందు ఎవరు ఏమన్నారో ఇంకోసారి అడగండి. అడిగితే చిన్నతనం అనుకుంటారు. మూడు రాత్రులు ఇరవైమందిని మేల్కొలిపితే పెద్దరికం ఏమీ రాదు.

పొద్దున ఆరింటికి లైటు వెలగడం మొదలయ్యాక పెద్దాయనకు నచ్చలేదు. మొదటి రోజే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎవుర్రా ఈడ వెల్డింగు చేసేది?" అన్నాడు. రెండో రోజు కుర్చీ తిప్పుకుని వీపు పెట్టాడు. ఆయా ఊరుకునేది కాదు. టీ గ్లాసు లైటు వైపు పెట్టేది. ఆయన టీ కోసం తిరిగేవాడు. తిరిగినవాణ్ణి మళ్ళీ అటు తిరగకుండా ఎదురుగా కూర్చుని మాటల్లో పెట్టేది. "ఆ మచ్చల గొర్రె ఈనిందా?" అని అడిగేది. ఆయన చెప్పేవాడు. రోజూ అదే గొర్రె, రోజూ వేరే జవాబు. సాయంత్రమయితే పరదాలు దించి, హాల్లో ఒక్క చిన్న బల్బు ఉంచేది. పొద్దున పూట ఆయన్ని చేయి పట్టుకుని వాకిట్లోకి కూడా తీసుకుపోయేది. అది వేరే సంగతి. మధ్యలో లైటు కొంచెం మొరాయించింది కూడా. యంత్రం అన్నాక అది మామూలే.

మేనేజరు సారు దగ్గర రాత్రి రిజిస్టరు ఉండేది. రాత్రి ఎవరు లేచారు, ఎప్పుడు లేచారు అని ఆయా చెబితే పొద్దున ఆయన రాసేవాడు. మొదటి వారం పేజీలన్నీ నిండిపోయాయి. రెండో వారం వరుసలు తగ్గాయి. మూడో వారం ఒక పొద్దున ఆయన పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి ఒక్క గీత గీశాడు. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుంది.

ఆ గీత గీసిన రోజే అసలు రోజు. ఆదివారం. చలికాలం. నేను మోటారు వేయడానికి పెందలాడే వచ్చాను. ఆయా నవ్వుతూ ఎదురొచ్చింది. పెద్దాయన రాత్రి తొమ్మిదింటికి పడుకుని ఒక్కసారి కూడా లేవలేదట. ఏడాదిలో అట్లాంటి రాత్రి అదే మొదటిదట. నేను ఉబ్బిపోయాను. ఈ కబురు కోడలికి నేనే చెప్పాలనుకున్నాను. మేనేజరు సారు చెబితే నా పేరు రాదు.

మర్రిపాడు వైపు పల్లెల్లో ఫోను ఒక గట్టు మీద మాట్లాడితే ఒక ముక్క, ఇంకో గట్టు మీద మాట్లాడితే ఇంకో ముక్క వినిపిస్తుంది. ఆమె పొద్దున్నే దొడ్డి దగ్గర ఉన్నట్టుంది, వెనక గొర్రెలు అరుస్తున్నాయి. నేను ఏమన్నానో మాట మాట గుర్తుంది.

"అమ్మణ్ణీ, ఆశ్రమం నుంచి కరెంటాయన్ని. మీ మామ రాత్రి తొమ్మిదింటికి కన్ను మూసినాడు. మళ్ళా తెరవలేదు. కదల్లేదు, మెదల్లేదు. పిలిచినా పలకలేదంట. ఆయనకి తెల్లారిందమ్మా."

"ఏందీ?" అంది.

"తెల్లారింది. అంతా ఆ దేవుడి దయ" అన్నాను. ఫోను కట్టయింది.

నా ఉద్దేశం ఆ మనిషికి ఇన్నాళ్ళకు తెల్లవారడం తెలిసిందని. నేను ఉదయగిరి వాణ్ణి, నా నోట్లో తెల్లారడం అంటే తెల్లారడమే. కానీ మా జిల్లాలోనే కాదు, తెలుగు మాట్లాడే ఏ ఊళ్ళోనైనా ఒక ముసలాయనకు తెల్లారిందని ఫోను వస్తే ఎవరూ కాఫీ పెట్టుకుంటూ కూర్చోరు.

గంటన్నర తర్వాత గేటు బయట డప్పు మోగింది.

నేను వాకిట్లోకి వచ్చి చూద్దును కదా, ఒక ఆటో, దాని నిండా మనుషులు. ముందు డప్పు ఆయన. తర్వాత చామంతి దండ పట్టుకుని పెద్దాయనకు చిన్నాన్న కొడుకు వరసయ్యే ఒకడు. చివర కోడలు, జుట్టు విరబోసుకుని. నాకు అప్పటికీ అర్థం కాలేదు. నన్ను సన్మానించడానికి వచ్చారనుకున్నాను. భగవంతుడి సాక్షిగా మెడ కొంచెం ముందుకు వంచాను కూడా.

కోడలు నన్ను పక్కకు నెట్టి లోపలికి పోయింది. అక్కడ హాల్లో కుర్చీలో మా పెద్దాయన. ఆదివారం కదా, ఆయా తలంటి పోసి తెల్ల పంచె కట్టింది. చలిగా ఉందని నేనే తువ్వాలును చెవుల మీదుగా తెచ్చి గడ్డం కింద ముడి వేశాను. పోయినవాళ్ళకు దవడ జారకుండా గుడ్డ కట్టేది కూడా అట్లాగే. వేడి నీళ్ళ సుఖానికి ఆయన తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుని ఉన్నాడు. హాలు కడిగినప్పుడు కుర్చీ అటుదిటు అయింది. అందుకని నా లైటు సరిగ్గా ఆయన తల దగ్గర, తెల్లగా వెలుగుతూ ఉంది.

"ఓ మామా" అని కోడలు నేల మీద కూలబడింది. మంచానికి కట్టేస్తానని చెప్పినప్పుడు మారని గొంతు అది. ఇప్పుడు ఆ గొంతుకు హాల్లో ఇరవైమందీ లేచి నిలబడ్డారు. "కట్టేస్తానంటిని గదా మామా, ఆ మాట ఇని పోయినావా" అని ఆమె ఆయన కాళ్ళు పట్టుకుంది. బయట డప్పు జోరందుకుంది.

పెద్దాయన కళ్ళు తెరిచాడు. కాళ్ళ దగ్గర ఉన్న మనిషిని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏమ్మే" అన్నాడు. "ఈడ కూచోనుండావు. మందని ఎవురికి ఒప్పజెప్పి వచ్చినావు?"

ఏమ్మే అని ఆమెను పిలిచేది లోకంలో ఆయన ఒక్కడే. ఆ పిలుపు ఆమె విని ఏడాది దాటింది. ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "పక్కింటోళ్ళకి చెప్పొచ్చినా మామా" అంది.

"వాళ్ళకా? వాళ్ళు నీళ్ళు పెట్టరు. బయల్దేరు" అన్నాడాయన.

డప్పు ఆయనకు ఎవరో సైగ చేస్తే ఒక దెబ్బ మధ్యలో ఆపాడు. దండ పట్టుకున్నవాడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అందరి మొహాలూ చూశాడు. పెద్దాయన ఆ దండను చూసి, "పెండ్లి ఎవురిది?" అన్నాడు.  చివరికి అతను వాకిట్లోకి వచ్చి, అక్కడ మెడ వంచి నిలబడి ఉన్న నా మెడలో వేసేశాడు. అదీ నా సన్మానం.

ఆ చప్పుడుకు మేనేజరు సారు ఆఫీసు గది వదిలి వచ్చాడు. కోడలు జుట్టు ముడి వేసుకుని ఆయన ముందుకు పోయి నిలబడింది. "సార్, తీసకపోమంటే ఇప్పుడే తీసకపోతా. నాలుగు రోజులాగి మళ్ళా పిలిపించబాకండి. ఆటో ఎట్టాగూ ఉండాది" అంది.

ఆయన ఆఫీసు గదిలోకి పోయి రాత్రి రిజిస్టరు తెచ్చాడు. పేజీలు తిప్పి చూశాడు. ఆమెకు చదువు రాదు. అయినా ఆమె కూడా ఆ పేజీల వైపే చూస్తూ ఉంది. గీత గీసిన పేజీ దగ్గర ఆయన ఆగాడు.

"ఆటో ఖాళీగా పంపించమ్మా" అన్నాడు.

ఆమె ఆటో ఖాళీగా పంపలేదు. వచ్చినవాళ్ళందరినీ అందులోనే పంపించి, తాను మధ్యాహ్నం బస్సు దాకా మామ దగ్గరే కూర్చుంది. పోయే ముందు ఆయన ఆమెతో, "ఎంత అడిగినా పొట్టేలు ఇయ్యను" అన్నాడు. అప్పటికి మళ్ళీ బేరం మొదలైంది. ఆమె నవ్వి, "మరక ఇస్తావా?" అంది.

డాక్టరమ్మ చెప్పింది సరిగ్గా అదే. నిద్ర నిలిచింది, మతి నిలవలేదు. వారంలో ఒకటి రెండు పొద్దులు ఆయన తేటగా ఉండేవాడు, మిగతావి మామూలే. కానీ ఆ తర్వాత గేటు తెరుచుకోలేదు. ఆయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. నేను ఉద్యోగం మానేశాను గానీ ఆదివారాలు పోతుంటాను. తహశీల్దారు గారు మాత్రం కాపరి పడుకున్నాక తనను మేతకు తోలేవాళ్ళు లేరని కొన్నాళ్ళు బెంగపెట్టుకున్నాడు. ఈ చివరి వాక్యం కూడా కొంచెం సాగదీసిందే.

ఇంతవరకూ రాసి, ఇక ఒప్పుకోవలసింది ఏమీ మిగల్లేదని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, పోయిన ఆదివారం ఈ కాగితాలు తీసుకుని ఆశ్రమానికి పోయాను. కోడలు వచ్చి ఉంది. మొత్తం చదివి వినిపించాను. ఆమె మామకు అరటిపండు ఒలిచి చిన్న ముక్కలు చేసి పెడుతూ విన్నది. ఫోను దగ్గర నవ్వింది. దండ దగ్గర ఇంకా నవ్వింది. హాలు దగ్గరికి వచ్చేసరికి నవ్వడం ఆపేసింది. చదవడం అయ్యాక ఎట్లా ఉందమ్మా అని అడిగాను.

"అంతా బాగానే రాసినావు గానీ, తల కాడ దీపమేంది కరెంటాయనా?"

"నువ్వే కదమ్మా చూశావు."

"నేను చూసింది వాకిట్లో కూచోనుండే మనిషిని. హాల్లో గాదు. ఎండ నేరుగా ఆయన మొగం మీద పడతా ఉండాది. నీ లైటు అప్పటికి ఐదు దినాలుగా చచ్చి ఉండాది. ఎందుకు పనిచేస్తా ఉండాదో చూద్దామని నువ్వే విప్పినావంట గదా. ఆ ఐదు దినాలూ పొద్దు పొడిచేసరికి ఆయమ్మ ఈయన్ని చెయ్యి పట్టుకొని తెచ్చి, ఎండకు ఎదురుగా కూచోబెట్టి, తాను గూడా కూచునింది. నువ్వేమో అది వేరే సంగతి అని రాసినావు. అదే సంగతి."

నేను కాగితాలు సర్దుకున్నాను. "లైటు హాల్లో ఉన్న మాట నిజమే కదమ్మా" అన్నాను.

"ఉండాది. దాని మీద మా మామ గోచి ఆరేసి ఉండాది. నేనే తీసి మడత పెట్టినా."